సీడెడ్ షేర్ లెక్క ఎప్పుడూ ఎందుకు కుదరదు? కర్నూలు, అనంతపురం, కడప ఫ్యాన్స్ కొట్లాడుకునే అంకెల వెనక ఏముంది

క్లుప్తంగా: సినిమా వ్యాపారంలో సీడెడ్ అంటే రాయలసీమ, షేర్ అంటే అన్నీ పోను ఆ ఏరియా హక్కులు కొన్న బయ్యర్‌కి మిగిలే డబ్బు. ఒకే సినిమాకి ఒకే రోజు సీడెడ్‌లో మూడు రకాల షేర్లు బయటికి రావడానికి అబద్ధాలు మాత్రమే కారణం కాదు. హైర్లు (థియేటర్లు బయ్యర్‌కి గుత్తగా కట్టే డబ్బు) కలిపారా లేదా, థియేటర్ అద్దె మీద ఆడిందా పర్సంటేజ్ (వసూళ్లలో వాటా) మీద ఆడిందా, జీవోతో రేటు ఎంత పెరిగింది, ఆన్‌లైన్‌లో కనపడని సెంటర్లని ఎట్లా అంచనా వేశారు, ఈ నాలుగింటి మీద అంకె మారిపోతుంది. పైగా సీమ జనం కొనే టికెట్లలో చాలా భాగం సీడెడ్ ఖాతాలో పడనే పడదు.

పెద్ద హీరో సినిమా పడిందంటే మరుసటి రోజు పొద్దున్నుంచే అంకెల గొడవ మొదలవుతుంది. కడప ఏడు రోడ్ల కూడలి దగ్గర టీ తాగేవాళ్లైనా, అనంతపురం టవర్ క్లాక్ దగ్గర నిలబడ్డవాళ్లైనా, కర్నూలు రాజ్‌విహార్ సెంటర్లో బండి ఆపుకున్నవాళ్లైనా ఫోన్లో చూసేది ఒకటే, ఫస్ట్ డే సీడెడ్ ఎంత. ఒక పేజీ ఒక అంకె వేస్తుంది, ఇంకో పేజీ దానికి కోటి ఎక్కువేస్తుంది, నిర్మాణ సంస్థ పోస్టర్ మీద మాత్రం సీడెడ్ ఊసే ఉండదు, వరల్డ్‌వైడ్ గ్రాస్ అని ఒకటే పెద్ద అంకె ఉంటుంది. ఇందులో ఏది నిజం అని అడిగితే, చాలాసార్లు మూడూ తమ తమ పద్ధతిలో లెక్క ప్రకారమే ఉంటాయి. కొలిచే వస్తువే వేరు కాబట్టి అంకెలు వేరవుతాయి, అది తెలియక ఫ్యాన్స్ మధ్య జరిగే గొడవలు మాత్రం నిజమైన గొడవలు, స్నేహాలు కూడా పోతుంటాయి, కాబట్టి లెక్క ఎట్లా పుడుతుందో ఓపిగ్గా చూడాల్సిన అవసరం ఉంది.

సీడెడ్ అంటే ఎంత మేర

1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదిలేసిన ప్రాంతానికి అప్పటి నుంచి ఉన్న పేరు ఇది. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అనే పేరు వచ్చి జనం నోట్లో అదే నిలబడినా, సినిమా వ్యాపారం మాత్రం పాత పేరు వదల్లేదు. కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు, ఈ పాత నాలుగు జిల్లాలు కలిపి ఒక ఏరియా. 2022 ఏప్రిల్లో కొత్త జిల్లాలు వచ్చి నంద్యాల, శ్రీసత్యసాయి, అన్నమయ్య, తిరుపతి విడిపోయినా బయ్యర్ల కాగితాల్లో ఏమీ మారలేదు. నెల్లూరు పక్కనే ఉన్నా వేరే ఏరియా. తుంగభద్ర దాటితే వచ్చే అలంపురం, గద్వాల నైజాం కిందికి వస్తాయి.

సరిహద్దులు ముఖ్యం ఎందుకంటే హక్కులు అమ్మేది ఏరియాల లెక్కన. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు, తర్వాత కర్ణాటక, మిగతా ఇండియా, ఓవర్సీస్. టికెట్ కొన్న మనిషి ఏ ఊరోడు అనేది ఎవరికీ పట్టదు, థియేటర్ ఏ ఏరియాలో ఉందో అదే లెక్క. ఈ చిన్న విషయం సీమ విషయంలో చాలా తేడా తెస్తుంది, దాని గురించి కింద వివరంగా ఉంది.

ఒక థియేటర్ లెక్క

ఊహించుకున్న ఒక థియేటర్ తీసుకుంటే విషయం సులువుగా అర్థమవుతుంది. 600 సీట్లు, అన్నీ ఒకే రేటు, 105 రూపాయలు. అందులో 100 టికెట్ ధర, 5 జీఎస్టీ. రోజుకి నాలుగు ఆటలు, నాలుగూ హౌస్‌ఫుల్. అంటే 2,400 టికెట్లు, మొత్తం 2,52,000 రూపాయలు. ఇదే గ్రాస్. ఇందులోంచి జీఎస్టీ 12,000 పోతే మిగిలేది 2,40,000, ఇది నెట్. థియేటర్ రోజు అద్దె 30,000 అనుకుంటే, అది తీసేశాక బయ్యర్ చేతికి వచ్చేది 2,10,000. ఇదే షేర్.

అంటే హౌస్‌ఫుల్ రోజున గ్రాస్‌లో దాదాపు 83 శాతం షేర్ అయ్యింది. మంగళవారం వచ్చింది, నాలుగు ఆటలు కలిపి 600 టికెట్లే తెగాయి అనుకుందాం. గ్రాస్ 63,000, నెట్ 60,000, అద్దె మాత్రం అదే 30,000, షేర్ 30,000. ఇప్పుడు గ్రాస్‌లో షేర్ వాటా 48 శాతానికి పడిపోయింది. ఇంకో వారం తర్వాత రోజుకి 300 టికెట్లకి వచ్చేసరికి నెట్ 30,000, అద్దె 30,000, షేర్ సున్నా. దానికన్నా తగ్గితే డెఫిసిట్ అంటారు, బయ్యర్ తన జేబులోంచి అద్దె కట్టాలి.

ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. షేర్‌ని ఒక స్థిరమైన నంబర్‌తో గుణిస్తే గ్రాస్ వస్తుందని చాలామంది లెక్కేస్తారు. అది మొదటి వీకెండ్‌కి కొంతవరకు దగ్గరగా ఉండొచ్చు, కానీ సినిమా పడిపోయే కొద్దీ ఆ గుణకం పూర్తిగా తప్పుతుంది. గ్రాస్ బాగానే కనపడుతూ షేర్ అసలు కదలని సినిమాలు ఉండేది ఇందుకే.

ఇంకో ముక్క. షేర్ పెద్దదైనంత మాత్రాన హిట్టు కాదు. 20 కోట్ల షేర్ తెచ్చిన సినిమాని బయ్యర్ 25 కోట్లకి కొనుంటే 5 కోట్లు పోయినట్టే, 8 కోట్లు తెచ్చిన చిన్న సినిమాని 6 కోట్లకి కొన్నోడు లాభంలో ఉంటాడు. ఈ అంకెలు ఉదాహరణకి చెప్పినవి, కానీ ఈ పరిస్థితి ప్రతి సీజన్లో కనపడేదే. కొన్న పద్ధతి కూడా చూడాలి. ఎన్‌ఆర్‌ఏ అంటే తిరిగి ఇవ్వని అడ్వాన్స్, నష్టమొస్తే బయ్యర్‌దే. ఉత్త అడ్వాన్స్ మీద తీసుకుంటే తగ్గిన డబ్బు నిర్మాత వెనక్కి సర్దాలి. కమిషన్ మీద అయితే బయ్యర్ ఆడించి పెట్టేవాడు మాత్రమే, రిస్క్ అంతా నిర్మాతది. కాగితం మీద ఎన్‌ఆర్‌ఏ అని రాసుకున్నా సినిమా దెబ్బతింటే బయ్యర్లు నిర్మాత ఇంటికి పోవడం, తర్వాతి సినిమా తక్కువకి ఇచ్చి సర్దుబాటు చేసుకోవడం మామూలే. బ్రేక్ ఈవెన్ గీత అనేది ఫ్యాన్స్ అనుకున్నంత గట్టి గీత కాదు.

హైర్లు: సీడెడ్ గొడవలో సగం ఇక్కడే

అద్దె, పర్సంటేజ్ కాకుండా మూడో పద్ధతి ఒకటుంది. సినిమా మీద క్రేజ్ బాగా ఉన్నప్పుడు థియేటర్ వాళ్లు పోటీ పడి, మొదటి రోజుకో మొదటి వారానికో ఇంత అని బయ్యర్‌కి ఒకే మొత్తం కట్టేస్తారు. దీన్నే ఫిక్స్‌డ్ హైర్ అంటారు. ఆ రోజు ఎంత వచ్చినా థియేటర్‌దే, తగ్గినా థియేటర్‌దే.

పైన చెప్పిన థియేటరే తీసుకుంటే, మామూలు పద్ధతిలో ఎంత నిండినా మొదటి రోజు షేర్ 2,10,000 దాటదు. కానీ అదే ఊర్లో రెండు థియేటర్లు పోటీ పడి ఒకరు 3 లక్షలు కడతామంటే, బయ్యర్ పుస్తకంలో ఆ రోజు పడేది 3 లక్షలు. రిపోర్టు రాసేవాళ్లు దాన్ని కలిపి వేస్తే ఒక అంకె, తీసేసి టికెట్ల మీద వచ్చింది మాత్రమే వేస్తే ఇంకో అంకె. ఒక థియేటర్లోనే 90 వేలు తేడా వచ్చింది, ఏరియా మొత్తం మీద వందల స్క్రీన్లు ఉన్నప్పుడు ఈ తేడా కోట్లలోకి పోతుంది. విత్ హైర్స్, వితౌట్ హైర్స్ అని ఫ్యాన్స్ రాసుకునేది దీని గురించే. గుంటూరు, సీడెడ్ లాంటి మాస్ ఏరియాల్లో హైర్ల అలవాటు గట్టిగా ఉంది కాబట్టి ఫస్ట్ డే అంకెలు ఇక్కడే ఎక్కువ ఊగుతాయి.

హైర్ అనేది ఎంతమంది సినిమా చూశారో చెప్పదు. వినాయక చవితి లడ్డూ వేలంలో పలికిన ధర ఊర్లో పోటీని చెప్తుంది గానీ లడ్డూ బరువుని కాదు, ఇదీ అట్లాంటిదే. రెండు థియేటర్లున్న ఊర్లో యజమానులకి పడకపోతే హైర్ పెరుగుతుంది, ఇద్దరూ ఒకే మాట మీదుంటే తగ్గుతుంది, సినిమా అదే, జనం అదే.

మరి ఎక్కువ కట్టిన థియేటర్ ఆ డబ్బు ఎట్లా రాబట్టుకుంటుంది? జీవో ఉంటే పెంచిన రేట్లు, అర్ధరాత్రి బెనిఫిట్ షో, క్యాంటీన్, పార్కింగ్. అవీ సరిపోకపోతే టికెట్ మీద రాసిన రేటుకి, కౌంటర్ బయట తీసుకునే రేటుకి తేడా వస్తుంది. ఈ చివరిది చట్టం ప్రకారం తప్పు, కానీ ఫస్ట్ డే హైర్ ఎక్కువైన ప్రతిచోటా దానికి ఒత్తిడి ఉంటుంది. దీంట్లో నలిగేది ఫ్యాన్ జేబు. తన హీరో సీడెడ్ రికార్డు కొట్టాడని పోస్టర్ షేర్ చేసే కుర్రోడు, ఆ రికార్డులో తన నెల ఖర్చులోంచి తీసిన డబ్బు ఎంతుందో చూసుకోడు. అతని అభిమానంలో తప్పేం లేదు, ఆ అభిమానానికి ధర కట్టే పద్ధతి బయటికి కనపడకపోవడమే ఇబ్బంది.

బెనిఫిట్ షో ఎవరికి బెనిఫిట్

పేరు ప్రకారం ఒక మంచి పని కోసం డబ్బు పోగు చేసే ఆట. సీమ ఊర్లలో చాలాకాలం అభిమాన సంఘం వాళ్లే మొత్తం ఆటని గుత్తగా కొనుక్కుని, టికెట్లు తామే అమ్ముకుని, మిగిలిన దాంతో ఫ్లెక్సీలు, కటౌట్, పాలాభిషేకం, డప్పులు, అన్నదానం చేసేవాళ్లు. నష్టమొస్తే సంఘం పెద్ద చేతిలోంచి పడేది. ఇప్పుడు అదే ఆట ప్రభుత్వ జీవోతో, అధికారిక రేటుతో వస్తోంది. 2025 సెప్టెంబర్ 25న వచ్చిన ఓజీ సినిమాకి ఆంధ్రప్రదేశ్‌లో బెనిఫిట్ షో టికెట్ జీఎస్టీతో కలిపి 1,000 రూపాయల వరకు అమ్ముకోవడానికి పర్మిషన్ ఇచ్చారు, తర్వాత అక్టోబర్ 4 దాకా సింగిల్ స్క్రీన్లలో 125, మల్టీప్లెక్సుల్లో 150 పెంచుకోవచ్చని చెప్పారు.

దీని ఫలితం అంకెల మీద సూటిగా పడుతుంది. 600 సీట్ల థియేటర్లో 1,000 రూపాయల ఆట ఒక్కటి నిండితే 6 లక్షల గ్రాస్, అంటే మామూలు రేటుకి రెండు రోజుల హౌస్‌ఫుల్ కన్నా ఎక్కువ. కాబట్టి ఇట్లాంటి జీవో ఉన్న సినిమా ఫస్ట్ డేని, జీవో లేని సినిమా ఫస్ట్ డేతో పక్కపక్కన పెట్టి మా హీరో పెద్ద అనడం లెక్క కాదు. ఎంతమంది చూశారు అంటే టికెట్ల సంఖ్య చూడాలి, కానీ టికెట్ల సంఖ్య మాత్రం ఎవరూ పోస్టర్ మీద వేయరు.

భద్రత సంగతి వేరే ఉంది. 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్లో పుష్ప 2 ప్రీమియర్ దగ్గర తొక్కిసలాటలో ఒక మహిళ చనిపోయింది, ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. ఆ తర్వాత తెలంగాణ ప్రభుత్వం బెనిఫిట్ షోలు ఇవ్వమని ప్రకటించింది, తర్వాత కొన్ని సినిమాలకి మళ్లీ ఇచ్చింది. ఒక్క గేటు, ఇరుకు మెట్లు, అర్ధరాత్రి గుంపు ఉన్న పాత సింగిల్ స్క్రీన్లు సీమ టౌన్లలో ఎన్నో ఉన్నాయి, కాబట్టి ఆ ప్రమాదాన్ని హైదరాబాద్ సంగతి అని పక్కన పెట్టడానికి వీల్లేదు.

జీవోలు, జీఎస్టీ గీత

ఆంధ్రలో రేట్లు ప్రభుత్వం చేతిలో ఉండటం వల్ల ఒక సినిమా అంకె, విడుదలైన తేదీ మీద కూడా ఆధారపడుతుంది. 2021 ఏప్రిల్లో వచ్చిన జీవో 35 రేట్లని బాగా తగ్గించింది, చిన్న ఊర్లలో కింది తరగతి 5 రూపాయల దాకా పోయింది. 2022 మార్చి 7న జీవో 13 వచ్చి కనిష్టం 20, రిక్లైనర్ 250 అని మార్చింది, హీరో హీరోయిన్ దర్శకుడి పారితోషికం కాకుండా 100 కోట్లు దాటిన సినిమాలకి 10 రోజులు ప్రత్యేక రేటు అడుక్కునే దారి తెరిచింది. ఈ రెండు జీవోల మధ్యలో వచ్చిన సినిమాల సీడెడ్ అంకెలు తక్కువ కనపడితే జనం తక్కువ వచ్చారని కాదు. నాన్ బాహుబలి రికార్డు (బాహుబలి సినిమాలని పక్కన పెట్టి చూసేది), ఆల్ టైమ్ టాప్ ఫైవ్ లాంటి పట్టికలు ఏవీ దీన్ని సర్దవు.

తర్వాత జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి 100 రూపాయల దాకా టికెట్ మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది, 100 దాటితే అదే 18 శాతం. చిన్న టౌన్లో 80 రూపాయల టికెట్ పన్నుతో 84 అవుతుంది, పన్ను 4 రూపాయలు. పెద్ద సినిమాకి పన్నుతో కలిపి 75 పెంచుకోమని జీవో వస్తే టికెట్ 159. ఇప్పుడు అది 100 గీత దాటింది కాబట్టి మొత్తం మీద 18 శాతం, అంటే పన్ను 24 రూపాయల పైమాట. పెంచిన 75లో 20 రూపాయలు పన్నుకే పోయాయి, నిర్మాతకి, బయ్యర్‌కి, థియేటర్‌కి కలిపి మిగిలింది 55లోపు. జనం మాత్రం 84 పెట్టేచోట 159 పెట్టారు. నగరాల్లో ఎట్లాగూ 100 దాటే ఉంటుంది కాబట్టి ఈ దెబ్బ తెలియదు, డోన్, జమ్మలమడుగు, కళ్యాణదుర్గం లాంటి చోట్ల తెలుస్తుంది. రేటు పెంచితే అన్ని సెంటర్లలో ఒకటే లాభం అనుకోవడం అందుకే సరికాదు. నలుగురు కుటుంబంతో వచ్చేవాళ్లు ఆ 10 రోజులు ఆగిపోయి, తర్వాత సినిమా ఫోన్లోకి వచ్చేస్తుందిలే అని అసలు రాకుండా పోతే, పెంచిన రేటు చివరికి తగ్గించిన కలెక్షన్ అవుతుంది.

సీమ టికెట్ బెంగళూరు ఖాతాలో

సీడెడ్ అంకె గురించి మాట్లాడేటప్పుడు దాదాపు ఎవరూ పట్టించుకోని విషయం ఇది. హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్ల పైన ఉంటుంది, అంతే. పెనుకొండ, కదిరి, మడకశిర, మదనపల్లె వైపు కుర్రోళ్లలో చదువుకి, సాఫ్ట్‌వేర్‌కి, డ్రైవర్ పనికి, బిల్డింగ్ పనికి, హోటల్ పనికి పోయినోళ్లు లెక్కలేనంత మంది. వాళ్లు అభిమాన హీరో సినిమా ఫస్ట్ డే ఫస్ట్ షో బెంగళూరులోనే చూస్తారు, ఫ్లెక్సీ మీద పేరు మాత్రం సొంతూర్లో వేయించుకుంటారు. ఆ టికెట్ కర్ణాటక గ్రాస్‌లో పడుతుంది. అక్కడ మల్టీప్లెక్సుల్లో పెద్ద సినిమా మొదటి రోజుల రేటు సీమ టౌన్ రేటుకి రెండు మూడు రెట్లు ఉండటం మామూలు, కాబట్టి డబ్బు లెక్కలో ఈ నష్టం మనుషుల లెక్క కన్నా ఎక్కువ. 2025 సెప్టెంబర్లో కర్ణాటక ప్రభుత్వం పన్ను కాకుండా 200 రూపాయలు మించకూడదని నిబంధన తెచ్చింది, అదే నెలలో హైకోర్టు దాన్ని ఆపింది.

ఇటువైపు కర్నూలు నుంచి హైదరాబాద్‌కి పోయి స్థిరపడినవాళ్లు నైజాంలో పడతారు. కడప వాళ్లది ఇంకో దారి, కువైట్‌కి పోయినోళ్లు ఎక్కువ, వాళ్ల టికెట్ ఓవర్సీస్. ఇదంతా కలిపితే ఒక హీరోకి సీమలో ఉన్న బలం సీడెడ్ షేర్‌లో కనపడే దానికన్నా ఎప్పుడూ ఎక్కువే, ఎంత ఎక్కువ అనేది టికెట్ మీద ఊరి పేరు రాయరు కాబట్టి చెప్పే వీలు లేదు. ఫలానా హీరో సీడెడ్‌లో వీక్ అని రాసే పోస్టులు కూడా అందుకే తొందరపాటు.

వలసలో ఇంకో రకం ఉంది. పడమటి కర్నూలులో, కోసిగి, మంత్రాలయం, కౌతాళం, పెద్దకడబూరు వైపు, వర్షాధార భూములే దిక్కైన కుటుంబాలు ప్రతి ఏడాది గుంటూరు వైపు మిరప కోతలకి పోతాయి. జనవరి నుంచి వేసవి దాకా కొన్ని ఊర్లలో ముసలోళ్లు, చిన్న పిల్లలే మిగులుతారు. సంక్రాంతికి పడిన సినిమా ఎమ్మిగనూరు, ఆదోనిల్లో పండగ నాలుగు రోజులు కిక్కిరిసి ఆడి తర్వాత ఒక్కసారిగా పడిపోవడానికి సినిమా టాక్ ఒక్కటే కారణం కాదు. అనంతపురం వేరుశెనగకి మంచి వాన పడిన ఏడాది, పడని ఏడాది కూడా కౌంటర్ దగ్గర తేడా చూపిస్తాయి. ఈ విషయం బయ్యర్లకి బాగా తెలుసు, ఆన్‌లైన్ బుకింగ్ చూసి కలెక్షన్ లెక్కేసే ట్రాకింగ్ పట్టికలకే తెలియదు.

వెయ్యి రోజుల నుంచి నాలుగు వారాలకి

2009లో వచ్చిన మగధీర కర్నూలులో వెయ్యి రోజులు ఆడింది, 2014 లెజెండ్ ప్రొద్దుటూరులో వెయ్యి రోజులు ఆడింది. సీమలో అభిమానం కొలిచే కొలత చాలాకాలం రోజులే, కోట్లు కాదు. యాభై రోజుల సెంటర్లెన్ని, వంద రోజుల సెంటర్లెన్ని, ఇదీ పోటీ. ఆ పోటీలోనూ లోపాలు ఉండేవి, కలెక్షన్ పడిపోయాక అభిమానులే అద్దె వేసుకుని రోజుకి ఒక ఆట చొప్పున లాగిన సందర్భాలు ఈ ప్రాంతంలో తెలియనివారు లేరు. అయినా ఆ లెక్క బోర్డు మీద, గోడ మీద, పేపర్లో కనపడేది, ఊర్లో ఎవరైనా పోయి చూసి రావచ్చు.

ఫిల్మ్ రీళ్ల ప్రింట్లు ఉన్న కాలంలో ఒక టౌన్‌కి ఒకటో రెండో వచ్చేవి, చూడాలనుకున్నవాళ్లు వరసలో ఆగాల్సిందే, అందుకే సినిమా నిలిచేది. డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చాక మొదటి రోజు టౌన్లో ఉన్న స్క్రీన్లన్నీ ఒకే సినిమాకి ఇచ్చేసే వీలొచ్చింది. ఇంతకుముందు యాభై రోజుల్లో చూసే జనం ఇప్పుడు నాలుగు రోజుల్లో చూసేస్తున్నారు. చాలా సినిమాలు నాలుగు వారాలకే ఓటీటీలోకి రావడం దానికి తోడైంది. మొత్తం వ్యాపారం 10 రోజుల్లో అయిపోవాలి, రేటు పెంచే జీవో కూడా దాదాపు అన్ని రోజులే, హైర్ల పోటీ కూడా ఆ మొదటి రోజుల కోసమే. ఈ మూడూ ఒకదాన్ని ఒకటి పెంచుకుంటూ పోవడం వల్లే ఫస్ట్ డే అంకెకి ఇంత బరువు వచ్చింది. ఫ్యాన్స్ కోట్ల వెంట పడటానికి కారణం వాళ్ల మనసు మారడం కాదు, రోజులు లెక్కపెట్టుకునే అవకాశం వ్యాపారమే తీసేసింది.

ట్రాకర్లకి కనపడనిది

ఇండియాలో బాక్సాఫీస్ లెక్కని జనానికి ప్రకటించే అధికారిక సంస్థ లేదు. థియేటర్ నుంచి బయ్యర్‌కి పోయే డైలీ కలెక్షన్ రిపోర్ట్, అందరూ డీసీఆర్ అనేది, అది వాళ్ల మధ్యే ఉంటుంది. జీఎస్టీ రిటర్నులు బయటికి రావు. మిగిలింది ఆన్‌లైన్ బుకింగ్‌లో నిండిన సీట్లు లెక్కపెట్టడం. కర్నూలు, అనంతపురం, కడప టౌన్లకి ఇది బాగానే పనికొస్తుంది. ఆలూరు, పత్తికొండ, బనగానపల్లె, రాయచోటి, రాయదుర్గం లాంటి చోట్ల కౌంటర్ టికెట్ భాగం ఇంకా పెద్దది, అక్కడ ట్రాకర్ వేసేది అంచనా. మాస్ హీరోకి కింది సెంటర్లే బలం కాబట్టి తప్పు కూడా అక్కడే ఎక్కువ జరుగుతుంది, పైకైనా కిందికైనా. ఆన్‌లైన్‌లో సీటు ఎర్రగా కనపడితే అది అమ్ముడుపోయిందనీ కాదు, థియేటర్ తన కౌంటర్ కోసం ఆపుకున్న వరస కూడా అట్లాగే కనపడుతుంది.

పర్సంటేజ్ వస్తే ఏం మారుతుంది

2025 మే నెలలో ఎగ్జిబిటర్లు, అంటే థియేటర్ నడిపేవాళ్లు, అద్దె పద్ధతి వద్దు, మల్టీప్లెక్సుల్లాగ మాకూ పర్సంటేజ్ కావాలని, లేకపోతే జూన్ 1 నుంచి థియేటర్లు మూసేస్తామనే దాకా వచ్చారు. మూయలేదు, మాటలు కమిటీల్లోకి పోయాయి. కానీ ఆ డిమాండ్ ఒప్పుకుంటే సీడెడ్ అంకెలు ఎట్లా మారతాయో పైన వేసుకున్న థియేటర్‌తోనే చూడొచ్చు. నెట్‌లో సగం సగం అనుకుంటే, హౌస్‌ఫుల్ రోజు షేర్ 2,10,000 నుంచి 1,20,000కి పడిపోతుంది. 600 టికెట్ల మంగళవారం మాత్రం అప్పుడూ ఇప్పుడూ 30,000 దగ్గరే ఉంటుంది. 300 టికెట్లు తెగిన రోజున సున్నా వచ్చేచోట 15,000 వస్తుంది.

అంటే పెద్ద హీరో సినిమా మొదటి రోజుల షేర్ బాగా తగ్గుతుంది, నెమ్మదిగా నిలబడే చిన్న సినిమాకి ఊపిరి దొరుకుతుంది, థియేటర్ ఖాళీ రోజుల్లో బయ్యర్ జేబులోంచి అద్దె వేసుకోనక్కర్లేదు. పెద్ద నిర్మాతలు ఎందుకు ఇష్టపడరో, చిన్న టౌన్ల యజమానులు ఎందుకు పట్టుబడతారో ఈ మూడు అంకెల్లో ఉంది. హైర్ల పోటీ పర్సంటేజ్ వచ్చినంత మాత్రాన పోదు, మొదటి రోజు వరకు మాకు గుత్తకి ఇవ్వండి అని అడిగేవాళ్లు అప్పుడూ ఉంటారు. అది కూడా ఆగాలంటే టికెట్ల సంఖ్య బయటపెట్టాలి. ఏ థియేటర్లో ఏ ఆటకి ఎన్ని టికెట్లు ఏ రేటుకి తెగాయో రోజూ ప్రకటిస్తే బయ్యర్, థియేటర్ ఒకరినొకరు అనుమానించుకోవడం తగ్గుతుంది, చూసిన జనంలో ఎంతమంది సీమలో చూశారో, ఎంతమంది బెంగళూరులో చూశారో అప్పుడైనా తెలుస్తుంది. ఆ పని చేసేదాకా, హైర్లతో కలిపా లేకుండానా, జీవో ఉందా లేదా అనేది రాయకుండా వేసిన సీడెడ్ అంకెని ఇంకో సినిమా అంకె పక్కన పెట్టడానికి వీలుండదు.